మృదంగం ఎద్దు, గిటారు నక్క: తల అతికించినట్టు కనిపించకుండా ఎలా గీయాలి?

రంగులడబ్బా

అందరికీ నమస్కారం. ఒక సంగీత పాఠశాల హాలుకి నాలుగు బొమ్మలు వేస్తున్నాను. ఒక్కోటి 18×24 అంగుళాల క్యాన్వాస్, యాక్రిలిక్ రంగులు. మనుషులెవరూ ఉండరు, కళాకారులంతా జంతువులే. మృదంగం మీద ఒంగోలు ఎద్దు, వీణతో గుర్రం, తోలు జాకెట్టు వేసుకుని ఎలక్ట్రిక్ గిటారు వాయించే నక్క, సాక్సోఫోన్ ఊదే మేక. మొదటి రెండింటికీ పంచె, కండువా, కచేరీ వేదిక. తక్కిన రెండూ 1970ల రాక్ పోస్టర్ల ధోరణిలో, రంగుల స్టేజి లైట్ల కింద.

పని స్కెచ్‌ల దగ్గరే ఆగింది. మనిషి ఒంటి మీద జంతువు మాస్కు తగిలించినట్టుంది తప్ప ఒక ప్రాణిలా లేదు. చేతుల సంగతీ తేలడం లేదు. గిట్టలు ఉంచితే తీగ నొక్కలేవు, అచ్చం మనిషి వేళ్లు పెడితే వెగటుగా ఉంది. బొచ్చు దగ్గరికి వచ్చేసరికి లేత గీతలన్నీ కలిసిపోయి బురద రంగు తేలుతోంది. ఇంకో మాట, నక్కలో ఒక పేరున్న గాయకుడి పోలిక రావాలని పాఠశాల వాళ్ల కోరిక. తరవాత ప్రింట్లు వేసి అమ్ముతారట. అది కుదిరే పనేనా?

ఎముకలగూడు

మాస్కులా కనిపించడానికి కారణం తల కాదండీ, మెడ. మనిషి పుర్రెకి వెన్నెముక కింద నుంచి తగులుతుంది. నాలుగుకాళ్ల జంతువుకి వెనక నుంచి తగులుతుంది. మనిషి మెడని నిలువుగా గీసి దాని కొసన ఎద్దు తల పెడితే అది ఎప్పటికీ మాస్కే. మెడని భుజాల దగ్గరి నుంచే ముందుకి వాల్చండి, నిలువు గీత నుంచి 30–40 డిగ్రీలు. తల ఛాతీ కంటే ముందుకి రావాలి. మెడ వెడల్పు కూడా చూసుకోండి. ఎద్దుకి దవడల వెనక నుంచే లావుగా మొదలై భుజాల్లో కలిసిపోతుంది, మెడ ఎక్కడ ఆగిందో చెప్పలేం. ఒంగోలు ఎద్దుకి మీ పని ఇంకా తేలిక: వెనక మూపురం, ముందు గంగడోలు ఆ అతుకుని వాటంతట అవే కప్పేస్తాయి. కండువాని గంగడోలు మీద నుంచి కాక, దాని మడతల కిందుగా పోనివ్వండి. గుడ్డ చర్మానికి తగిలి ఒరుసుకునే చోట ఒక నీడ గీత పడితే ఒళ్లూ తలా ఒకటే అని కన్ను నమ్ముతుంది.

తరవాత భుజాలు. ఎద్దుకి, గుర్రానికి, మేకకి కాలర్ బోన్ ఉండదు. భుజం ఎముకలు పక్కటెముకలకి రెండు వైపులా అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే వాటి ఛాతీకి వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ఆ నిర్మాణం ఉన్నదున్నట్టు ఉంచితే ముందుకాళ్లు ముందుకీ వెనక్కీ ఆడతాయి కానీ పక్కకి చాచి వీణ పట్టుకోలేవు. ఇక్కడ రాజీ పడక తప్పదు: భుజాల వెడల్పు మనిషిది తీసుకోండి, ఛాతీ లోతు జంతువుది ఉంచండి. ఎదురుగా గీస్తే ఆ లోతు కనిపించదు కాబట్టి నాలుగు బొమ్మల్లోనూ ఒళ్లు కాస్త పక్కకి తిరిగి ఉండాలి. గుర్రానికైతే అది మరీ అవసరం. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా చూస్తే ముక్కు తప్ప చూపు దొరకదు.

కొలతలు: మనిషి నిలుచుంటే సుమారు ఏడున్నర తలల ఎత్తు, బాసింపట్టు వేసుకుంటే నాలుగు తలలకి కాస్త తక్కువ. జంతువు పాత్రకి నిలుచుంటే ఐదు, ఐదున్నర, కూర్చుంటే మూడు చాలు. గుర్రం తలని నిజం కొలతలో మనిషి భుజాల మీద పెడితే వీణంత పొడవు కనిపిస్తుంది, తగ్గించండి.

కాళ్లు. నక్కకీ మేకకీ వెనక్కి వంగిన మోకాలులా కనిపించేది నిజానికి మడమ. అసలు మోకాలు పైన, పొట్టకి ఆనుకుని ఉంటుంది. మనిషి కాళ్లే గీస్తే సగం ప్రాణం పోతుంది, జంతువు కాళ్లు గీస్తే ప్యాంటు కుదరదు. మీ అదృష్టం కొద్దీ 1970లు ఎంచుకున్నారు. బెల్‌బాటమ్ వేయండి. మోకాలి కింద నుంచి గుడ్డ విచ్చుకుంటుంది కాబట్టి లోపల మడమ వెనక్కి పొడుచుకొచ్చిన సంగతి ఒక్క మడతతో చెప్పేయొచ్చు. తల ముందుకి వాలింది కాబట్టి నడుము వెనక్కి పోవాలి, తోక ఆ వైపే తూకం కాయాలి. చెవి దగ్గర నుంచి ఒక నిలువు గీత కిందికి దించి చూడండి. అది రెండు పాదాల మధ్య పడకపోతే నక్క బోర్లా పడేలా ఉంటుంది, గిటారు బరువు దానికి అదనం.

శ్రుతిపెట్టె

అది సంగీత పాఠశాల. చూసేవాళ్లు జంతువు ముక్కు వంకర క్షమిస్తారేమో కానీ వాద్యం తప్పుగా పట్టుకుంటే క్షమించరు. నెట్‌లో దొరికిన ఫొటోని కూర్పు కోసం అద్దంలోలా తిప్పేయడం చాలామంది చేసేదే, దాంతో విద్వాంసులంతా ఎడమచేతి వాటం వాళ్లయిపోతారు. తిప్పాలనుకుంటే జంతువుని తిప్పండి, వాద్యాన్ని వదిలేయండి.

మృదంగం: కుడి మూత చిన్నది, దాని నడుమ నల్లటి కరణి (గుండ్రటి నల్ల పూత). ఎడమ మూత కాస్త పెద్దది, దానికి కచేరీ ముందు రవ్వ ముద్ద అద్దుతారు, అందువల్ల లేత మచ్చ ఉంటుంది కానీ నలుపు ఉండదు. రెండు వైపులా నల్ల చుక్క పెట్టడం బొమ్మల్లో అతి మామూలు తప్పు. మృదంగం నేల మీద ఉండదు, కుడి పాదం మీద ఆనుతుంది. తోలు వార్లు ఈ మూత నుంచి ఆ మూతకి పొడవునా పోతాయి, వాటిని లెక్కపెట్టి గీయనక్కర్లేదు కానీ పీపా వంపుతో పాటు వంగాలి.

వీణ: కుండ కుడివైపు నేల మీద, రెండో బుర్ర ఎడమ తొడ మీద. 24 మెట్లు (తీగ నొక్కే అడ్డపట్టీలు), ఏడు తీగలు. నాలుగు మెట్ల మీద నుంచి పోతాయి, మూడు తాళం తీగలు పక్కన. కుడి చూపుడు, నడిమి వేళ్లు మీటుతాయి, చిటికెన వేలు తాళం తీగల మీద. ఎడమ చెయ్యి దండి కింద నుంచి వచ్చి వేళ్లు మెట్ల మీదికి తిరుగుతాయి. బొబ్బిలి వీణ అయితే ఒకే పనస మొద్దు నుంచి తొలిచింది, అతుకులు ఉండవు, రంగు పసుపు కలిసిన గోధుమ వన్నె. ఒక చిక్కు చెప్పాలి. వీణ కొసన యాళి (సింహంలాంటి కల్పిత మృగం) ముఖం ఉంటుంది. గుర్రం ముఖం పక్కనే ఇంకో మృగం ముఖం వచ్చి రెండూ పోటీ పడతాయి. యాళిని చూసేవాడి నుంచి పక్కకి తిప్పండి, లేదా నీడలో ముంచండి. కత్తిరించేయకండి, అది లేని వీణ బోసిగా ఉంటుంది.

గిటారు: బెల్టు ఎడమ భుజం మీద. లావు తీగ పైన, అంటే వాయించేవాడి గడ్డం వైపు. తీగలు బిగించే ఆరు మరలూ ఒకే వరసలో ఉండే తల వేరు, మూడు మూడుగా ఉండే తల వేరు; ఒక రకం ఒళ్లు గీసి ఇంకో రకం తల పెడితే గిటారు పిల్లలు పది అడుగుల దూరం నుంచే పట్టేస్తారు. మధ్యలో గుండ్రటి రంధ్రం పెట్టకండి, అది అకౌస్టిక్‌కి. కేబుల్ మరవకండి.

సాక్సోఫోన్: ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. బరువు మెడలో పట్టీ మీద ఉంటుంది. చేతులతో మోస్తున్నట్టు మోచేతులు బిగించి గీస్తే తప్పు.

తడికుంచె

బురద రంగుకి రెండు కారణాలు. ఒకటి, ఆరీ ఆరని పొర మీద బ్రష్ తిప్పడం. యాక్రిలిక్ పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉన్నప్పుడు గీత వేస్తే కింది రంగు చిరిగి పైకి వస్తుంది. రెండోది, ఒక గీతలో మూడు కంటే ఎక్కువ రంగులు కలపడం. ఒక్కో పొరకి 15–20 నిమిషాలు ఆగండి, వానాకాలంలో ఇంకా ఎక్కువ, లేదంటే హెయిర్ డ్రైయర్ దూరంగా పట్టండి. రంగుని పల్చన చేయడానికి నీళ్లు పోసేకొద్దీ అంటుకునే గుణం తగ్గుతుంది, కాబట్టి బొచ్చు గీతలకి సగం నీళ్లు, సగం గ్లేజింగ్ మీడియం (రంగుని పారదర్శకంగా పల్చన చేసేది) కలిపిన ద్రవం వాడండి.

క్రమం ఇలా. దుకాణం క్యాన్వాస్ మీద ఇంకో రెండు కోట్లు జెస్సో (రంగుకి ముందు వేసే తెల్ల పూత), ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా, మధ్యలో 320 నంబరు గరుకు కాగితం. నేత గరుకుగా ఉంటే సన్నని బొచ్చు గీత తెగిపోతుంది. పైన బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు) పల్చటి పూత, తెల్ల క్యాన్వాస్ మీద వెలుగునీడల లెక్క తప్పుతుంది. తరవాత బొచ్చు ముదురు రంగు మొత్తం పెద్ద ఫ్లాట్ బ్రష్‌తో, వెంట్రుకల ఊసే లేకుండా. దాని మీద మధ్య రంగు, అర అంగుళం ఫిల్బర్ట్ (కొస గుండ్రంగా ఉండే) బ్రష్‌ని కాస్త విడదీసి, బొచ్చు పెరిగే దిక్కులోనే. నక్క ముక్కు మీద వెంట్రుక చాలా పొట్టి, చెంపల దగ్గర పొడవు, ఛాతీ మీద గుత్తులు గుత్తులు. ఒకే పొడవు గీతలతో ఒళ్లంతా నింపితే చాపలా ఉంటుంది. చివర రిగ్గర్ (పొడవాటి సన్నని) బ్రష్‌తో లేత గీతలు, అవి వెలుగు పడే చోటా, నీడ మొదలయ్యే అంచునా మాత్రమే. బొమ్మ మొత్తంలో విడి వెంట్రుకలు కనిపించే చోటు పదిలో రెండు వంతులు దాటనివ్వకండి. యాక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురవుతుంది, లేత రంగు మీరనుకున్న దానికంటే ఇంకాస్త లేతగానే కలుపుకోండి.

ఒంగోలు ఎద్దు తెలుపుకి ట్యూబు నలుపు తాకించొద్దు, సున్నం గోడలా చచ్చుబడుతుంది. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిద వన్నెలో నీలం ఎక్కువైతే చల్లటి నీడ, సియెన్నా ఎక్కువైతే వెచ్చటి నీడ. గంగడోలు కింద పంచె నుంచి తిరిగొచ్చే వెలుగుకి కాస్త యెల్లో ఓకర్ (మట్టి పసుపు). స్వచ్ఛమైన తెలుపు మూపురం మీదా నుదుటి మీదా రెండు మూడు చోట్ల మాత్రమే. నల్లటి ముట్టె తడిగా ఉంటుంది, అక్కడ చిన్న గట్టి మెరుపు.

తోలు జాకెట్టుకి అల్ట్రామెరీన్, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) కలిపిన నలుపు. తోలులో మెరుపు మెత్తగా కరగదు, మోచేతి మడతల దగ్గర పదునైన అంచుతో మొదలై ఠక్కున ఆగుతుంది. సాక్సోఫోన్‌కి బంగారు రంగు ట్యూబు కొనకండి, ఫొటో తీసినా స్కాన్ చేసినా అది మట్టిరంగులోనో బూడిదలోనో పడుతుంది. ఓకర్, అంబర్, లేత పసుపు కలిపిన తెలుపు చాలు. ఇత్తడి అనిపించేది రంగు కాదు, నల్లటి చారా తెల్లటి చారా పక్కపక్కన పడటం.

స్టేజి లైట్ల విషయంలో ఒక కిటుకు. మెజెంటా వెలుగు బొచ్చు అంచున పడాలనుకుని క్వినాక్రిడోన్ మెజెంటాని నేరుగా ముదురు రంగు మీద వేస్తే ఏమీ కనిపించదు, అది పారదర్శకం. ముందు ఆ అంచుని తెలుపుతో చిన్న ముళ్లలా గీసి, పూర్తిగా ఆరాక దాని మీద మెజెంటా గ్లేజ్ (పారదర్శకమైన పల్చటి పూత) వేయండి. అప్పుడు వెలిగిపోతుంది. రెండు రంగుల లైట్లు చాలు, మూడోది పెడితే నక్క ఏ రంగో ఎవరికీ తెలియదు.

రంగులడబ్బా

చాలా సాయం అండీ. మెడ వాల్చగానే ఎద్దు కుదిరింది. చేతుల ప్రశ్న ఇంకా ఉంది. మేక నోరు కూడా: సాక్సోఫోన్ మౌత్‌పీస్ మీద పై పళ్లు ఆనాలి కదా, మేకకి అవి ఎలా గీయాలి?

ఎముకలగూడు

గీయకూడదు. మేకకీ ఎద్దుకీ పైన ముందు పళ్లు ఉండవు, గట్టి చిగురు మాత్రమే. నోరు తెరిచి పాడే ఆవుకి పై వరస పళ్లు పెట్టిన బొమ్మలు కార్టూన్లలో బోలెడు. మేక పై పెదవిని లోపలికి మడిచి మౌత్‌పీస్ మీద ఆనించండి. మేక పెదవులు చురుకైనవి, నమ్మేలా ఉంటుంది. పక్షిని ఎంచుకోనందుకు సంతోషం, పెదవులు లేని ముక్కుతో ఊదే వాద్యం ఎంత గీసినా అబద్ధమే.

చేతులకి బొటనవేలు, మరో మూడు వేళ్లు పెట్టండి. వేళ్లు పొట్టిగా లావుగా, కొసన గోరు బదులు గిట్ట రంగులో మందమైన పెంకు. మణికట్టు దాకా బొచ్చు రావాలి, వేళ్ల మీద పల్చబడాలి. అచ్చం మనిషి చర్మం, మనిషి గోళ్లు రాగానే వెగటు మొదలవుతుంది.

కళ్లు: మేకకీ గుర్రానికీ కనుపాప అడ్డంగా, నక్కకి నిలువుగా. మనిషి కనుపాపలా గుండ్రంగా దిద్దితే మేక కాస్తా కుక్క అవుతుంది. మనిషితనం కావాలంటే కనుపాప మార్చకండి, రెప్పలు మార్చండి. పై రెప్ప సగం దించితే రాగంలో మునిగినట్టు, కనుబొమ దగ్గర బొచ్చు పైకెత్తితే ఆశ్చర్యం. ఇంకో సంగతి, నారింజ ఒళ్లు, తెల్ల కొస తోక ఉన్నది ఎర్రనక్క. మన మెట్ట పొలాల్లో కనిపించే గుంటనక్క బూడిద కలిసిన గోధుమ రంగు, తోక కొస నలుపు. రాక్ పోస్టరుకి ఎర్రనక్కే బాగుంటుంది, కానీ రెండూ కలపకండి.

శ్రుతిపెట్టె

నాలుగు వేళ్ల మాటతో నాకు పేచీ ఉంది. వీణకి చూపుడు, నడిమి, చిటికెన వేళ్ల పని వేరువేరు. బొటనవేలు కాక మూడు వేళ్లుంటే కుడి చేతికి సరిపోయింది అనుకోవచ్చు. గిటారు మీద ఎడమ చేతికి మాత్రం బొటనవేలు కాక నాలుగు ఉంటేనే కార్డు (కలిసి మోగే స్వరాల గుత్తి) పట్టినట్టు కనిపిస్తుంది. నక్క పంజాకి ముందు ఐదు గోళ్లుంటాయి, దానికి ఐదు వేళ్లు పెడితే వచ్చే నష్టం లేదు. గిట్టల జంతువులకి నాలుగు, నక్కకి ఐదు అనుకుంటే సరి.

పాతపోస్టరు

మహాబలిపురంలో 7వ శతాబ్దపు పెద్ద శిల్పఫలకం మీద తపస్సు చేసే పిల్లి ఉంది, వెనక కాళ్ల మీద నిలబడి ముందుకాళ్లు తల మీదికెత్తి. బట్టల్లేవు, నగల్లేవు, ముఖంలో మనిషి కవళికలూ లేవు. భంగిమ ఒక్కటి చాలు, దొంగ జపం అని చిన్నపిల్లలకీ తెలుస్తుంది. చుట్టూ ఎలుకలు కూడా ఉన్నాయి. మీ నాలుగు స్కెచ్‌లనీ బట్టలూ వాద్యాలూ లేకుండా పల్చటి కాగితం మీద ఒకసారి దిద్ది చూడండి. ఒట్టి ఒళ్లు చూసి ఎవరు ఏం వాయిస్తున్నారో చెప్పగలిగితే రంగులకి వెళ్లండి. జర్మనీలో మైసెన్ పింగాణీ కార్ఖానా వాళ్లు 1750లలో కోతుల వాద్యబృందం బొమ్మలు చేశారు. కోటులూ విగ్గులూ దండిగా ఉన్నా, ఏ కోతి ఏ వాద్యం వాడో నడుము వంపులోనే తెలుస్తుంది.

ఎద్దు, గుర్రం విషయంలో ఒక జాగ్రత్త. మన దగ్గర మద్దెల వాయించే ఎద్దు అంటే నంది, వీణ పట్టిన గుర్రం ముఖం అంటే తుంబురుడు, ఆయన వీణ పేరు కళావతి. పాఠశాల హాలులో చూసేవాళ్లకి అదే గుర్తుకొస్తుంది. కిరీటం, భుజకీర్తులు పెడితే అది దేవతా చిత్రం, అప్పుడు హాస్యం కుదరదు. ఈ కాలపు విద్వాంసుడు కావాలంటే కళ్లజోడు, జేబులో కలం, పక్కన మంచినీళ్ల ఫ్లాస్కు. రెండూ కలిపితేనే గొడవ. నుదుట నామం, విభూతి కూడా ఆలోచించి పెట్టండి. 19వ శతాబ్దపు కలకత్తా కాళీఘాట్ పటాల్లో నోట చేపో రొయ్యో పట్టుకున్న పిల్లికి వైష్ణవ తిలకం దిద్దింది కపట భక్తుల్ని వెక్కిరించడానికే. జంతువు నుదుట బొట్టు ఉంటే అది భక్తో ఎగతాళో చూసేవాళ్లే తేల్చుకుంటారు, మీ చేతుల్లో ఉండదు.

గాయకుడి పోలిక సంగతి. హాలులో తగిలించే ఒక్క బొమ్మకీ, అమ్మే ప్రింట్లకీ చాలా తేడా ఉంది. ఆల్బమ్ అట్టనో పోస్టర్‌నో ఫొటోనో చూసి దించితే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి హక్కు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఫొటోకి ప్రచురించాక 60 ఏళ్లు. 1970ల పోస్టర్లు చాలామట్టుకు ఇంకా హక్కుల్లోనే ఉన్నట్టు లెక్క. పాట చరణం బొమ్మలో రాయడమూ అంతే. ఇక మనిషి పోలిక: ఢిల్లీ హైకోర్టు 2022 నవంబరులో అమితాబ్ బచ్చన్‌కీ, 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్‌కీ వాళ్ల పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దని ఉత్తర్వులిచ్చింది. అనిల్ కపూర్ ఉత్తర్వులో ఆయన ఊతపదం 'ఝకాస్' కూడా ఉంది. జంతువు ముఖం పెట్టాం కదా అన్న వాదన మీద ప్రింట్లు వేయకండి.

కాబట్టి ఒక వ్యక్తిని కాదు, ఆ కాలాన్ని పట్టుకోండి. జాకెట్టు భుజాల మీద మెటల్ గుండీలు, పెద్ద కాలరు, బెల్‌బాటమ్, మైకు స్టాండుకి కట్టిన చేతిరుమాలు, వెనక నుంచి కొట్టే లైటు. ఇవి ఎవరి సొత్తూ కాదు. ఒకే గాయకుడికి చెందిన ప్రత్యేక మీసం, జుట్టు, అంగీ, నిలబడే తీరు అన్నీ ఒకేసారి పెడితే మాత్రం అది ఆయనే.

తడికుంచె

ప్రింట్ల మాట వచ్చింది కాబట్టి: వార్నిష్ వేయకముందే స్కానో ఫొటోనో తీయించండి, తరవాత తీస్తే తోలు జాకెట్టు నలుపులో లైటు మెరుపులు పడతాయి. నలుపు, ముదురు నీలం కాగితం మీద ఇంకా మూసుకుపోతాయి, ఒక చిన్న నమూనా ప్రింటు చూసుకుని జాకెట్టు మడతలు ఒక మెట్టు లేత చేయండి. వార్నిష్‌కి కనీసం రెండు వారాలు ఆగాలి, కోస్తా తేమలో ఇంకో వారం. హాలులో ట్యూబ్‌లైట్లు ఎదురుగా ఉంటే బాగా మెరిసే గ్లాసీ వార్నిష్ వద్దు, మెరుపు తక్కువున్న శాటిన్ వేయండి. రెండు పల్చటి కోట్లు, మధ్యలో ఒక రోజు విడిచి.

రంగులడబ్బా

నక్కకి ఐదు వేళ్లు, గుర్రానికి కళ్లజోడు ఖాయం చేశాను. కళ్లజోడు గుర్రం ముఖం మీద నిలవడం లేదు, చెవులు మరీ పైన ఉన్నాయి.

ఎముకలగూడు

చెవులకి తగిలించకండి. మూతి మధ్యకి జార్చి, రెండు కాళ్లకీ దారం కట్టి మెడ వెనక్కి పోనివ్వండి. పెద్దవాళ్లు కచేరీలో కట్టుకునే దారమే. దారం జూలులో దూరిపోతుంది కాబట్టి ముడి గీయనక్కర్లేదు. అద్దాలు రెండూ ఎదురుగా కనిపించవు, దూరపు అద్దం ముక్కు ఎముక వెనక మూడు వంతులు దాగాలి.